రాళ్ల వాన కబురు

“రాందాసన్నా, పొద్దున నేను పంపిన రాళ్ల వాన మెసేజ్ లేదు, వారమంతా చినుకు పడదని చెప్పే నా పాత గొంతు మెసేజ్ ఉంది రైతుల వాట్సాప్ గ్రూపుల. ఎట్ల వచ్చిందది?”

మధ్యాహ్నం రెండున్నర. సూర్యాపేటలో మీటింగుకు వెళ్లిన వ్యవసాయ విస్తరణ అధికారి కరుణ, కోదాడ దగ్గరి అనంతగిరి మండలంలోని తండాలో ఉన్న రాందాస్‌తో ఫోన్‌లో.

“పాతదా? చెయ్యి జారి అది పోయినట్టుంది మేడం.”

“అయితే అసలుది ఇప్పుడు పెట్టు. ఇయ్యాల, రేపు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అంతట ఈదురుగాలి, రాళ్ల వాన. గురువారం దాకా జల్లులు. శుక్రవారం నుంచే ఎండ. పొద్దున ఆరున్నరకు నీకు పంపిన గదా.”

“మార్చి నెలల రాళ్ల వానేంది మేడం. గీడ ఎండ మాడుతున్నది.”

“ఇక్కడ మొదలైంది. వరండాలో నిలబడ్డ, రేకుల మీద రాళ్లు పడుతున్నయి. ఇను.”

“ఇనబడుతున్నది.”

“హాలియాలో అరగంట కింద దంచిందంట. మీ దిక్కే వస్తున్నది. గంట, మహా అయితే గంటన్నర. ఊరందరి మిర్చి కల్లాల మీద ఆరబోసి ఉంది. పెట్టన్నా.”

“నెట్టు వస్తలేదు. ఫోన్ జర హ్యాంగ్ అయితున్నది.”

“నాతోని మంచిగనే మాట్లాడుతున్నది నీ ఫోన్. గుడ్ మార్నింగ్ పువ్వులు ఎక్కువైనయని గ్రూపుకు తాళం వేసినవ్, నువ్వు తప్ప ఎవ్వరూ పెట్టరాదు. నన్ను గూడ అడ్మిన్ చెయ్యమని ఎన్నిసార్లు అడిగిన?”

“చేస్త మేడం. చేస్త.”

“ఎప్పుడు? శుక్రవారమా?”

“ఒక్కొక్కరికి నువ్వే ఫోన్ చెయ్యరాదు?”

“నాలుగు వందల మంది. పెద్ద రైతు మంగయ్య గారికి చేసిన, ఎత్తలే. పదిమందికి చెప్పేలోపల ఖతం అయితది. అన్నా, ఒక్కటి చెప్పు. చెయ్యి జారితే పక్కనున్నది పోతది. ఏడాది కిందటిది ఎట్ల పోతది?”

“ఏడాది కిందటిదని నీకెట్ల ఎరుక?”

“వెనక కుక్కర్ విజిల్ ఇనబడుతది అండ్ల. ఆఫీసు మెసేజ్‌లు నేను వంటింట్ల నుంచి పెట్ట. ఒక్కసారే పెట్టిన. నీ బిడ్డ నీలా పెండ్లికి టెంటు వేయాలె, వాన పడతదా అని నువ్వు నాలుగుసార్లు ఫోన్ చేస్తే. నీకొక్కనికే పంపిన.”

“ఆ మెసేజ్ నీలా గూడ తీసుకుంది నా ఫోన్ల నుంచి. ఆ పిల్ల ఎవరికి పంపిందో, ఏమో.”

“బిడ్డ మీద పెడుతున్నవా ఇప్పుడు?”

“లేదు. లేదు మేడం. నీలా పేరు తియ్యకు. ఆ పిల్లకేం తెల్వదు.”

“తెలిసినోళ్లు ఎవరు మరి? నా ఉద్యోగం సంగతి పక్కన పెట్టు. రేపు ఊరంతా నన్నే నిలదీస్తరు, నిలదీయనీ. కమలమ్మ పొద్దున ఫోన్ చేసింది, మీటింగుల ఉండి ఎత్తలే. తర్వాత ఆమెనే గొంతు మెసేజ్ పెట్టింది. నీ గొంతు ఇన్న బిడ్డా, కుప్ప ఇప్పి అంతా పరిచిన అని. ఇప్పుడు చేస్తే ఎత్తుతలేదు. ఒక్క ఎకరం ఆమెది. మనిషి తోడు లేదు.”

“కమలమ్మ గూడ పరిచిందా?”

“పెద్ద రైతులే ఇంటరనుకున్నవా నా గొంతు?”

“గట్లనే అనుకున్న.”

“ఏమన్నవ్?”

“ఏం లేదు.”

“అన్నా, నీ మిర్చి యాడుంది?”

“కల్లంలనే.”

“పరిచి ఉందా? మాట్లాడు. ఇందాకటి నుంచి ఇంటున్న, నీ వెనక ఎవరో తాడు గుంజు, రాయి పెట్టు అంటున్నరు. ఎవరు వాళ్లు?”

“తండా ఆడోళ్లు.”

“చినుకు పడదన్న రోజు పరదాలు ఎందుకు కడుతున్నరు?”

“ఫోన్ పెట్టెయ్యి మేడం. మాట్లాడుతుంటే రికార్డు కాదు.”

“పెట్టేస్తే నువ్వు మళ్ల ఎత్తవు.”

“ఎత్తను. కానీ చెప్త. అందరికీ చెప్త. పెట్టెయ్యి.”

మూడు నిమిషాల తర్వాత, రైతుల గ్రూపులో.

“రైతు అన్నలకు, అక్కలకు. నేను తండా రాందాస్‌ను. గంటలోపల రాళ్ల వాన వస్తున్నది, మిర్చి కుప్ప చేసి పరదాలు కప్పుండ్రి. పొద్దున మీరు ఇన్నది కరుణ మేడం పోయిన ఏడాది మాట. ఆమె తప్పు లేదు. అన్నీ తెలిసి నేనే పెట్టిన. వాన కబురు వచ్చిన ప్రతిసారి మా ఆడోళ్లను పనికి తీస్కపోను మీ ఆటోలు తండాకు వస్తయి. రామంటే ఏడాదంతా పనికి పిలువరు. మా ఆడోళ్లు వచ్చి మీ కల్లాలు కప్పుతరు, తిరిగొచ్చేసరికి మా మిర్చి నాని ఉంటది. ఒక్క పూట మీకు తెల్వకుంటే మా కల్లం మేం కప్పుకుంటమనుకున్న. కప్పుకున్నం. కమలమ్మా, నీ కాడికి నేను వస్తున్న. మిగిలినోళ్లు ఆటోలు పంపకుండ్రి, ఇయ్యాల ఎవ్వరం రాము.”