ఆ నిల్ రిపోర్టు రాసింది నేను

డ్యూటీలు మార్చుకుని కొందరు, సెలవు పెట్టి కొందరు వచ్చారు. కాగజ్‌నగర్ నుంచి పొద్దున రైలుకే బయల్దేరిన మిత్రులున్నారు. సుల్తానాబాద్ నుంచి లతీఫున్నీసా మేడం భర్త జలాలుద్దీన్ భాయ్, బిడ్డ ముబీనా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. అందరికీ నమస్కారం, సలాం.

పదకొండు రోజుల కింద మన మేడం గుండెపోటుతో పోయింది. యాభై నాలుగేళ్లు. అందులో ఇరవై ఎనిమిదేళ్లు పోలీసు ఆఫీసులో గుమాస్తాగానే గడిపింది. ఆమె గురించి మాట్లాడమని అసోసియేషన్ వాళ్లు నన్ను అడిగారు. పక్క సీటులో పన్నెండేళ్లు కూర్చున్నావు కరుణాకర్, నీకంటే ఎవరికి తెలుసన్నారు. నిజమే. నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అందుకే ఈ మైకు ముందు నిలబడాలంటే నాకు సిగ్గుగా ఉంది. ఎందుకో చెప్తాను. కాస్త ఓపికపట్టి వినండి.

బయటివాళ్లు కూడా ఉన్నారు కాబట్టి మా పనేమిటో ముందు చెప్పాలి. మొగుడూ పెళ్లాల తగువు ఫ్యామిలీ కోర్టుకు ఎక్కితే, కోర్టు పోలీసులకు ఉత్తరం రాస్తుంది. ఈమె ఇంతకుముందు స్టేషన్‌కు వచ్చిందా, ఆయన మీద ఫిర్యాదేమైనా ఉందా అని అడుగుతుంది. ఆ ఉత్తరం మా సెక్షన్‌కు వస్తుంది. మేం కంప్యూటర్లో పేరు కొట్టి చూస్తాం. ఉంటే ఉందని, లేకుంటే లేదని రాస్తాం. లేదని రాసే కాగితాన్ని నిల్ రిపోర్టు అంటాం. పెండింగు లెక్క చెప్పాల్సిన నెల మీటింగు దగ్గరపడి, బల్ల మీద నలభై ఉత్తరాలు పేరుకుపోతే, నిల్ అంత సుఖమైన మాట ఇంకొకటి ఉండదు. తమ్ముళ్లారా, నవ్వుతున్నారా? నవ్వండి. మీరూ రాసినవాళ్లే.

కానీ మేడం ఆ సుఖానికి ఎప్పుడూ పోలేదు. ఎందుకు పోలేదు? కేసు కడితేనే కంప్యూటర్లోకి ఎక్కుతుందని ఆమెకు తెలుసు. పిలిపించి, మందలించి, రాజీ చేసి పంపినవన్నీ స్టేషన్లో దరఖాస్తుల పుస్తకంలోనే చేతిరాతలో ఉండిపోతాయి. అందులోనూ ఆడమనిషి దరఖాస్తు ఆమె పేరు మీద దొరకదు. వెంట తండ్రి వస్తే తండ్రి పేరు రాస్తారు, అన్న వస్తే అన్న పేరు రాస్తారు. దెబ్బలు తిన్నది ఆమె, దరఖాస్తుదారు ఆయన. ఇది మన దగ్గర ఎవరూ తప్పనుకోని అలవాటు. మేడం మాత్రం ప్రతి ఉత్తరానికీ ఆ మనిషి తల్లిగారింటి పేర్లు తెలుసుకునేది. స్టేషన్‌కు పోయి కూర్చుని పుస్తకాలు తిరగేసేది. మేం ఆమెను తవ్వకాల మేడం అని ఆటపట్టించేవాళ్లం. "తవ్వుత గని, మీ తీరుగ పూడ్చిపెట్ట" అనేది.

ఒకసారి ఆమె సొంత అన్న బిడ్డ నాజ్నీన్ కేసులో ఉత్తరం వచ్చింది. మేడం ఆ ఫైలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "ఇది నువ్వు రాయి కరుణాకర్. పుస్తకం చూసి రాయి, నా మొఖం చూసి రాయకు" అన్నది. పుస్తకంలో ఉన్నది నాజ్నీన్‌కు పనికొచ్చేది కాదు. ఫిర్యాదు తానే వాపసు తీసుకుంటున్నట్టు సంతకం చేసింది. ఉన్నది ఉన్నట్టు రాశాను. రెండు రంజాన్లు ఆ అన్నగారింటి నుంచి మేడంకు ఇఫ్తార్ పిలుపు రాలేదు. మా దగ్గర ఆమె ఒక్క మాట ఎత్తలేదు. నేను కూడా పని నేర్చుకున్నాననే అనుకున్నాను.

ఇక నా సంగతి. నాలుగేళ్ల కింద, ముబీనా నిఖాకు మేడం మూడు రోజులు సెలవు పెట్టింది. ఆ మూడు రోజులు ఆమె సీటు నేను చూశాను. అప్పుడే వనజ అనే ఆమె గురించి ఉత్తరం వచ్చింది. మరమగ్గాల మీద బతికే కుటుంబం. ఐదేళ్ల పాప ఎవరి దగ్గర ఉండాలన్నది తగువు. మొగుడు కొడుతున్నాడని వనజ కోర్టులో చెప్పింది. ఒక్కనాడు కూడా ఆమె స్టేషన్ గడప తొక్కలేదు, అంతా అబద్ధమని మొగుడు చెప్పాడు. ఏది నిజమో చెప్పమని కోర్టు మమ్మల్ని అడిగింది. మర్నాడే నెల మీటింగు. నేను వనజ పేరు కొట్టాను. ఏమీ రాలేదు. నిల్ అని రాసి పంపాను.

అన్నదమ్ముల పేర్లు చూడాలని నాకు తెలియదా? తెలుసు. పన్నెండేళ్లు పక్కన కూర్చుని చూశాను కదా. తెలియక చేసేదాన్ని పొరపాటంటారు. నేను చేసినదాన్ని ఏమంటారు?

ఆ కాగితం మీదనే కాకపోయినా, ఆ కాగితం కూడా చూసే, కోర్టు పాపను కొన్నాళ్లు తండ్రి దగ్గర ఉంచమన్నది. వనజ తన అన్న కొండల్‌ను వెంటబెట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. అప్పటికి మేడం సెలవు నుంచి తిరిగి వచ్చింది. "స్టేషన్‌కు మూడుమార్లు వచ్చిన మేడం. మూడుమార్లు రాసుకున్నరు. ఇప్పుడు నేను రానేలేదంటరా?" అని అడిగింది వనజ. నేను ఫైల్లో తల దూర్చుకుని కూర్చున్నాను. మేడం మర్నాడే స్టేషన్‌కు పోయింది. కొండల్ పేరు మీద మూడు దరఖాస్తులూ దొరికాయి. సవరణ ఉత్తరం రాసి పెట్టింది. పోయిన కాగితం పోయింది, ఇప్పుడు తప్పయిందని మనమే రాసి ఇస్తే పరువు పోతుందని పైవాళ్లు ఆపేశారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు. మేడం తన సంతకంతోనే ఉత్తరం పంపింది. కోర్టు పుస్తకాలు తెప్పించుకుని చూసింది. పాప తల్లి దగ్గరికి చేరింది.

ఎన్నాళ్లకు చేరింది? ఐదు నెలలకు. వారానికోసారి కోర్టు వరండాలోనే తల్లిని చూసిన పిల్ల, ఇంటికి వచ్చాక ఆమె పక్కన పడుకోవడానికి జంకిందట. తల్లిని అవ్వా అని పిలవడానికి వారం పట్టిందట. ఆ ఐదు నెలలు నేను తీసుకున్నవి.

తర్వాత సంజాయిషీ అడుగుతూ మెమోలు వచ్చాయి. అనుమతి లేకుండా ఉత్తరం పంపినందుకు ఒకటి, అసలు తప్పు రిపోర్టు ఇచ్చినందుకు ఒకటి. రెండూ మేడం పేరు మీదే. ఎందుకంటే ఉత్తరం మీద ఉన్నది ఆమె సంతకం, రిపోర్టు మీద ఉన్నది రాసినవాళ్ల పేరు కాదు, ఆమె సీటు నంబరు. తన సెలవు చీటీ తీసి చూపిస్తే చాలు, బయటపడేది. చూపించలేదు. నేను ఆమె బల్ల దగ్గరికి పోయి నిలబడ్డాను. "నీ పేరు నేను చెప్ప కరుణాకర్. నువ్వే చెప్తవు, నాకెరుకే" అన్నది.

నేను చెప్పలేదు. ఆ నెల ప్రమోషన్ల జాబితాలో నా పేరు ఉంది. ఇవాళ చెప్తా, రేపు చెప్తా అనుకున్నాను. ఆమె సర్వీసు పుస్తకంలో నిర్లక్ష్యం అని రాశారు. కాగజ్‌నగర్‌కు బదిలీ చేశారు. నాలుగేళ్లు పెద్దపల్లిలో రైలెక్కి పోయి వచ్చింది. కనబడినప్పుడల్లా నా పిల్లల చదువులు అడిగేది. ఆ సంగతి మాత్రం మళ్లీ ఎత్తలేదు. చెప్తానని ఆమె చివరిదాకా ఎదురుచూసిందో, విసిగి వదిలేసిందో, ఇప్పుడు ఎవరిని అడగను?

పాత షుగరు వల్లనే గుండె దెబ్బతిన్నదని డాక్టరు చెప్పాడట. ఆ మాట విని నాకు ప్రాణం తేలికపడింది. అలా తేలికపడ్డందుకు ఇంకా సిగ్గుగా ఉంది.

జలాలుద్దీన్ భాయ్, బదిలీ అయిన వారం మీరు మీ దుకాణం ముందు నన్ను ఆపి, మా ఇంటామె ఏం తప్పు చేసిందని అడిగారు. "ఆఫీసులల్ల గిసుంటివి నడుస్తనే ఉంటయి భాయ్, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాను. మీరు నాకు చాయ్ తాగించి పంపారు. ఇన్నాళ్లకు జవాబు చెప్తున్నాను. ఆమె ఏ తప్పూ చేయలేదు. ఆ రిపోర్టు రాసింది నేను.

ఈ పొద్దున అదే మాట కాగితం మీద పెట్టి, సంతకం చేసి, ఆఫీసులో ఇచ్చి వచ్చాను. నాకు ఏ శిక్ష వేస్తారో వేయనీండి. ఆమె సర్వీసు పుస్తకంలో నిర్లక్ష్యం అన్న మాట కొట్టేయాలి. దానికి సాక్షులు కావాలి. ఆ మూడు రోజులు ఆ సీటులో ఎవరు కూర్చున్నారో ఈ హాలులో కనీసం ఆరుగురికి తెలుసు. పేర్లు నేను చెప్పను. మీరే చెప్తారు.

ఇప్పుడు లేచి నిలబడదాం. మామూలుగా ఇట్లాంటి సభల్లో రెండు నిమిషాలయ్యాక, నిలబడమన్నవాడే కూర్చోమంటాడు. నాలుగేళ్లు నోరు మూసుకున్నవాడిని, ఎంతసేపు మౌనం చాలో చెప్పే హక్కు నాకు లేదు. ముబీనా, అది నువ్వు చెప్పాలె బిడ్డా. నువ్వు కూర్చోమనేదాకా మేం నిలబడే ఉంటాం.