పేర్లొద్దు, నంబర్లు చాలు

“పేర్లు నాకొద్దు నర్సింగం. నంబర్లు చెప్పు చాలు. పేరంటే ముఖం గుర్తొస్తుంది. ముఖం గుర్తొస్తే నాకు అన్నం సహించదు.”

(గోదావరిఖనిలో నల్లనేల మోటార్ రేసింగ్ క్లబ్బు ఆఫీసు. శనివారం మధ్యాహ్నం, రేపు రేసు. టేబులుకు అటు అధ్యక్షుడు వీర్రాజు, బొగ్గుబావుల్లో ఇంజినీరుగా చేసి రిటైరైన రాజమండ్రి మనిషి. ఇటు నర్సింగం, బావిలో ముప్పై ఏళ్లు మస్టర్, అంటే హాజరు, రాసి, ఇప్పుడు క్లబ్బులో అదే పని చేస్తున్నవాడు. ఇంకో గంటలో ముగ్గురి ఉద్యోగాలు ఊడాలి. టీ మాత్రం ఇద్దరికే వచ్చింది.)

“నంబర్లే జెప్త సార్. గానీ ముగ్గురే ఎందుకు? నలుగురైతే పాడె మొయ్యడానికి సరిపోతరు గద.”

“అదిగో, నీ వెటకారం! నేను తేల్చిన లెక్క కాదయ్యా ఇది. సలహాదారు పృథ్వీరాజ్ గారు హైదరాబాద్ నుంచి వచ్చి, రెండు రోజులు గెస్ట్‌హౌస్‌లో కూర్చుని తేల్చాడు. పనివాళ్లు ముగ్గురు ఎక్కువున్నారట.”

“గెస్ట్‌హౌసుల కూసుంటె ఆయనకు మేం గనపడ్డమా? మంచి కండ్లున్నయి సార్.”

“రేసు కూడా చూశాడయ్యా.”

“ఒక్కటి సూసిండు. అదిగూడ కారు అద్దంల కెల్లి. దిగితే దుమ్ము వడ్తదని.”

“ఆ దుమ్మే! జనం రాకపోవడానికి కారణం ఆ దుమ్మేనని రిపోర్టులో రాశాడు. మూడు వేల మంది పట్టే గ్యాలరీ. పోయిన ఆదివారం ఎంతమందొచ్చారు?”

“నలభై ఒక్కలు. అందుల పదిమంది రేసు తోలెటోళ్ల అవ్వయ్యలు. ఇద్దరు నిద్రవోయిండ్రు.”

“చూశావా మరి? దుమ్ము!”

“దుమ్మెందుకు లేస్తంది సార్?”

“ఎందుకేంటి? మట్టి ట్రాకు కాబట్టి.”

“మొదటిసంది మట్టి ట్రాకే గద. అప్పుడు లేవని దుమ్ము ఇప్పుడెందుకు లేస్తంది?”

“నువ్వే చెప్పు, పెద్ద సైంటిస్టువి.”

“మొగిలి యాదికున్నడా? నీళ్ల ట్యాంకర్ తోలెటోడు. రేసునాడు పొద్దుగాల నాలుగు ట్రిప్పులు కొట్టి ట్రాకంత తడిపెటోడు. మొదటి కోతల గాయన్నే కోసినం. ‘బైకుల క్లబ్బుకి నీళ్లాయన ఎందుకు’ అన్నరు మీరు.”

“నేనా? నేనన్నానా?”

“మీటింగు పుస్తకంల రాసిపెట్టిన సార్. మంచిమాట, పొల్లు పోవద్దని.”

“సరే, సరే. అయిపోయిందేదో...”

“రెండో కోతల సదయ్య. మైకాయన. ఎవడు ముందున్నడు, ఎవడు వడ్డడు, నవ్వుకుంట జెప్పెటోడు. ఆయన జాగల ఫోన్ల పాట పెట్టిండ్రు. దుమ్ముల బండ్లు గనపడయి, పాటల ముచ్చట వినపడది. ఇగ జనమొచ్చి ఏంజేస్తరు? తుమ్మి పోతరు.”

“పాట పృథ్వీరాజ్ గారి ఐడియా. ‘అనుభూతి’ అన్నాడు.”

“అనుభూతి అయ్యింది సార్. ఇగ మూడో కోతల...”

“ఆవిడ పేరెత్తకు!”

“ఎత్తలే. గేటు కాడ టికెట్లు సింపెటామె అంటున్న. ఆమెను తీసి మిషిన్ పెట్టిండ్రు. ఆ మిషిన్‌కు సిగ్నల్ దొరుకది. సిగ్నల్ దొరికిందాక జనం ఎండల నిలవడాలె. దొరికేసరికి రేసు అయిపోతది.”

“అదంతా నాకు తెలీదు. ఆవిడ మూడు రోజులు మా ఇంటి గేటు ముందు కూర్చుంది, అది తెలుసు. నోరెత్తదు, తిట్టదు, ఊరికే కూర్చుని నన్ను చూస్తుంది! మా ఆవిడ కమలకుమారి ఆమెకి టీ, టిఫినూ. నాకేమో ఉప్మా విసిరి కొట్టినట్టు పెట్టింది. అందుకే ఈసారి పేర్లొద్దంటున్నా. నియమం ప్రకారం పోదాం. నియమానికి ఇల్లుండదు, గేటుండదు. ఎవరు కూర్చుంటారో చూస్తా.”

“ఏ నియమం సార్?”

“పదిహేడోది. చదువు.”

“‘ఏడాదిలో సగం మస్టర్లు నిండని వారిని, వారెంతటి వారైననూ, ముందస్తు నోటీసు లేకుండా తొలగించవచ్చును.’”

“అద్గదీ! ఎంత బాగా రాశావయ్యా.”

“నేనేడ రాసిన? మీరే పాత బాయి రూల్సు పుస్తకం దెచ్చి, ‘బాయి’ అని ఉన్నకాడల్ల ‘క్లబ్బు’ అని దిద్దుమన్నరు. కొన్నికాడ దిద్దుడు మరిసిన. ఇరవై రెండో రూల్ల ఇప్పటికీ, రేసు తోలెటోడు తలకాయ ల్యాంపు అప్పజెప్పినంకనే ఇంటికి పోవాలె అనే ఉన్నది.”

“ఎవరూ అడగలేదా?”

“కాసిపేట నుంచి వచ్చినాయన అడిగిండు, ఏం ల్యాంపని. నీ హెడ్‌లైట్ ఇప్పుకొచ్చియ్యి అన్న. మల్ల రాలే.”

“సర్లే, పదిహేడు గట్టిది. ఎవరు డ్యూటీకి రాలేదో వాళ్లే పోతారు. న్యాయం. నాకు తెలిసి ఆ మూడో మలుపులో జెండా ఊపే పిల్ల ఉంది చూశావూ... నేను పేరు చెప్పను.”

“దీప.”

“వద్దన్నానా! ఆ పిల్ల ఎప్పుడు చూసినా సెలవే కదా?”

“ఇరవై నాలుగు రేసులకు ఇరవై మూడు మస్టర్లున్నయి. ఒక్కనాడు దవాఖానల ఉన్నది, సెలైను పెట్టిండ్రు.”

“ఇరవై మూడా? సరిగ్గా చూడు.”

“సూస్తె పెరుగుతయి గాని తగ్గయి సార్.”

“అసలు ఆ పిల్లని ఎవరు పెట్టారు? గేటు దగ్గరి ఆ తల్లిని తీసేస్తే కూతురు లోపలికెలా వచ్చిందయ్యా?”

“వారసత్వ ఉద్యోగం సార్. తల్లిదండ్రి డ్యూటీల కెల్లి పోతె బిడ్డకియ్యాలె. గది గూడ రూల్సు పుస్తకంలనే ఉన్నది. దిద్దుడు మరిసిన అని జెప్పిన గద.”

“బాగుంది! చూసేవాళ్లే లేని రేసుకి జెండా ఎవరి కోసమయ్యా?”

“తోలెటోళ్ల కోసం. మూడో మలుపుల ముంగట బండి వడ్డదంటే ఎనుకొచ్చెటోనికి తెల్వది. గాపిల్ల పసుపు జెండ లేపకుంటె ఒకని మీద ఒకడు ఎక్కుతడు. మీరు గాపిల్లను కోస్తె రేపటి రేసుల ఎవని కాలో నడుమో ఇరుగుతది. అయినా ఎద్దు పుండు కాకికి ముద్దా సార్. గెస్ట్‌హౌసుల కూసున్నోళ్లకు ఏమెర్క?”

“నన్నంటున్నావా?”

“పృథ్వీరాజ్ సార్‌ను. మీరు గెస్టు కాదు గద.”

“...అసలీ ఊరి జనం ఎటు పోయారంటావు? వేలమంది వచ్చేవాళ్లు!”

“ఎటూ పోలే. ట్రాక్ ఎనుక పాత మట్టిగుట్ట లేదా...”

“ఆ గుట్ట సంగతి ఇప్పుడెందుకు?”

“మీరడిగిండ్రని జెప్తున్న. ఆదివారమైతే గుట్ట మీద ఎనిమిది వందల మంది. పైన తుమ్మచెట్ల నీడ, గాలి. దుమ్ము అంత ఎత్తుకు రాదు. సదయ్య బ్యాటరీ మైకు పట్టుకొని జెప్తడు. మొగిలి సల్లటి నీళ్లు పోస్తడు. గేటు కాడ టికెట్లు సింపెటామె...”

“పేరు!”

“...ఆమె గోనెసంచులు పరుస్తది. రేసు రేసుకు వచ్చెటోళ్లకు నోటుబుక్కు పెట్టింది. వచ్చినోనికి వచ్చినట్టు టిక్కు గొడ్తది. మనకాడ నేర్సిన పనే. కూసున్న కొమ్మను మనమే నరికి అవుతలికి ఇసిరేసినం. వాళ్లు దాన్ని పాతుకొని నీడకు కూసున్నరు.”

“దొంగచూపులు చూసేవాళ్లని ప్రేక్షకులంటావా! పైగా అక్కడ కారం బజ్జీలు, ఉల్లిపాయ ముక్కలు చల్లి, నిమ్మకాయ పిండి...”

“నిమ్మకాయ ముచ్చట నేను జెప్పలే సార్.”

“...కమల చెప్పింది.”

“మేడంకు ఎట్ల తెలుసు?”

“ఎవరో చెప్పుంటారు! ఊళ్లో అందరూ చెప్పుకుంటున్నారు! నువ్వు విషయం మార్చకు. నంబర్లు చెప్పు. సగం మస్టర్లు నిండని హాజరు బిళ్ళలెన్ని?”

“మూడే. నాలుగు, పదకొండు, పదహారు.”

“మూడే! చూశావా, పృథ్వీరాజ్ గారి లెక్క అంటే లెక్కే. ముగ్గురన్నాడు, ముగ్గురే తేలారు. నీకు తేడా రాలేదుగా?”

“ముప్పై ఏండ్లు మస్టర్ రాసిన చెయ్యి. బాయిల లెక్కనే సార్, ఇత్తడి బిళ్ళ బోర్డుకు తగిలియ్యకుంటె ఆనాడు మస్టర్ లేదు. మనిషి వచ్చిన అని ఎంత మొత్తుకున్నా సరే.”

“కరెక్టు. పదహారుకెన్ని?”

“ఒక్కటి.”

“ఛీ. పదకొండు?”

“మూడు.”

“నాలుగు?”

“రెండు.”

“ఇరవై నాలుగు ఆదివారాలకి రెండు మస్టర్లా! మనిషేనా వాడు? క్లబ్బు ఇలా మునిగిపోతుంటే వాడికి చీమ కుట్టినట్టయినా లేదా?”

“కుట్టినట్టు గనపడలే సార్.”

“మా రోజుల్లో ఇలాంటివాణ్ణి బావి ఛాయలకి కూడా రానిచ్చేవాళ్లం కాదు. పనిదొంగ!”

“నేను గట్లనే అనుకున్న. గానీ నా నోటితోని అంటె బాగుండదు, పెద్దోళ్లు మీరనాలె గద.”

“అంటున్నానుగా! కాగితం ఇలా ఇవ్వు. ‘నాలుగు, పదకొండు, పదహారు నంబరు బిళ్ళల వారిని నేటి నుండి తొలగించడమైనది.’ ఇదిగో సంతకం.”

“తేదీ?”

“వేశా.”

“ముద్ర గొట్టుండ్రి సార్. మీ ముద్ర లేకుంటె సెల్లది.”

“ఇదిగో ముద్ర! అతికించు బోర్డుకి. మళ్లీ నా మనసు మారకముందే.”

“వీరేందర్! ఓ వీరేందర్! కిటికీ కాడికి రా. జల్ది ఇది బోర్డుకు అతికియ్యి. గమ్ ఎక్కువ వెయ్యి, ఊడద్దు... అతికిచ్చిండు సార్. జనం సూస్తున్నరు. దీప గూడ సూస్తంది.”

“ఏడుస్తోందా?”

“నవ్వుతంది.”

“నవ్వుతోందా? ఎందుకు? ...నర్సింగం, ఇప్పుడు చెప్పు. పేర్లు చెప్పు. పని అయిపోయింది, ఇక ముఖం గుర్తొచ్చినా పర్లేదు.”

“వద్దన్నరు గద, అన్నం సహించదని.”

“చెప్పవయ్యా!”

“పదహారు పృథ్వీరాజ్ సార్.”

“ఆయనకి బిళ్ళెక్కడిది?”

“ప్రారంభం నాడు మీరే అన్నరు: ‘ఈ క్లబ్బులో పెద్దా చిన్నా లేదు, అందరికీ ఇత్తడి బిళ్ళే’ అని. చప్పట్లు గొట్టినం.”

“...పదకొండు?”

“మీ అల్లుడు సాయితేజ బాబు. ప్రచారం సూస్తడు. నస్పూర్‌ల ఉండి సూస్తడు.”

“నాలుగెవరు?”

“మీ ఎనుక గోడకు ప్రారంభం నాటి ఫోటో ఉన్నది. మెడల పూలదండ, దండ మీద బిళ్ళ. నంబరు పెద్దగనే గనపడ్తది. జర అటు తిరుగుండ్రి సార్.”

“ఏదీ? మసగ్గా ఉంది...”

“అద్దాలు పెట్టుకుంటరా?”

“నర్సింగం! ఆ కాగితం చింపెయ్!”

“ముద్ర పడ్డది సార్. పైగా వీరేందర్ గమ్ ఎక్కువేసిండు.”

“నేను రేసులకి రాలేదా? నన్ను పనిదొంగనంటావా?”

“నేననలే.”

“ప్రతి ఆదివారం టోపీ పెట్టుకుని ఇంట్లోంచి బయల్దేరతా. కమలని అడుగు! ఈ క్లబ్బు నా ప్రాణమయ్యా. ఒక్క రేసు, ఒక్కటంటే ఒక్క రేసు వదల్లేదు!”

“మన గేటు దాటింది రెండు మాట్లే. జెండా పండుగకొకసారి, టీవోళ్లు వచ్చిననాడు ఒకసారి. రెండుసార్లు ఫోటో దిగంగనే బయటికి పోయిండ్రు.”

“అబద్ధం! పోయిన వారం రెండో రౌండులో ఆ రామగిరి కుర్రాడు ఎగిరి మూడో మలుపులో పడ్డాడా లేదా? ఆ పిల్ల పరిగెత్తుకొచ్చి జెండా ఎత్తిందా లేదా? వెనకాల నాలుగు బళ్లు వాడి తలకి బెత్తెడు దూరంలో ఆగాయి. నా గుండె ఆగిపోయిందనుకో! నేను చూడకపోతే ఇదంతా నాకెలా తెలుసు?”

“మంచిగ జెప్పిండ్రు. గట్లనే అయ్యింది.”

“ఆఁ! మరి?”

“గ్యాలరీల కెల్లి మూడో మలుపు గనపడది సార్.”

“కనపడదా?”

“ఎత్తుల కెల్లి అయితేనే గనపడ్తది.”

“...ఆ గ్యాలరీలో దుమ్మయ్యా, నర్సింగం. నాకసలే దగ్గు. ఎవరు ముందున్నారో తెలీదు, ఆ పాటేమో ఒకటే గోల... అక్కడైతే సదయ్య...”

“మీరు ఫికర్ జెయ్యకుండ్రి. రుమాలు మూతికి కట్టుకుంటె గుర్తువట్టది అనుకున్నరు గానీ, పదేండ్లు గేటు కాసిన మనిషి. మీరు గుట్టెక్కిన మొదటినాడే ఆమెకు ఎర్క. దగ్గు మనిషి అని నీడ పట్టున జాగ ఆపుతది. మన పుస్తకంల మీకు రెండే ఉన్నయి సార్. సారవ్వ నోటుబుక్కుల మాత్రం ఇరవై నాలుగుకు ఇరవై నాలుగు మస్టర్లు నిండినయి.”