పిండినల్లి

కువైట్‌లో ఒక పెద్దింటి హాలు, శుక్రవారం పొద్దున. మున్వర్ కుండీల మధ్య కూలబడి, ప్రొద్దుటూరు నర్సరీలో చెట్లు చూసుకునే చిన్నన్నకు వీడియో కాల్ చేశాడు. ఒకప్పుడు ఇద్దరూ ఆ నర్సరీలోనే పనిచేసేవాళ్లు. ఇక్కడికి వచ్చి మూడేళ్లయినా మున్వర్‌కు ఆ నంబరు నొక్కడానికి చెయ్యి రాలేదు. ఈరోజు గతిలేక నొక్కాడు.

“ఇదోన్నా, కనపడ్తాందా? ఆకు అడుగున తెల్లగా దూది మాదిరి. నేను బూజనుకుంటి.”

“ఫోను ఊపాకు. దగ్గరికి పెట్టు. ఇంగ కొంచెం. కాడ మొలిచిండే సందు చూపిచ్చు. ఆఁ, నిలుపు. గోరుతో నలుపు దాన్ని.”

“థూ, పసుప్పచ్చగా రసమొచ్చిందన్నా.”

“బూజుకు రసం రాదు. పిండినల్లి అది. కుండీ చుట్టూ చీమలు తిరగతాండాయా?”

“వారం నుంచి. చీమల మందు చల్లినా.”

“చీమలేం చేసినాయి పాపం. ఆ నల్లి తియ్యటి బంక కారుస్తాది, దానికోసరం వస్తాయి. ఆకు తడిమి చూడు, చేతికి జిగురు తగుల్తాది.”

“తగుల్తాంది. అన్నా, ఇంగొకటి చేసినా. తిట్టొద్దు.”

“ఏం చేస్తివి?”

“బొద్దింకల స్ప్రే కొట్టినా.”

“చెట్టుకా?”

“మూడు చెట్లకు. ఆకులన్నీ మాడి రాలిపాయ.”

“బొద్దింకలన్నా చచ్చినాయా?”

“నవ్వొద్దన్నా. మేడమ్ వాళ్లు ఆదివారం ఊరినుంచి వస్తారు. ఈ చెట్లంటే ఆయమ్మకు పానం. పోయినసారి ఒకటి ఎండిపోతేనే అడిగింది, నీకు నిజంగా ఈ పని వచ్చునా, అబద్ధం చెప్పి వచ్చినావా అని. ఈసారి టికెట్టు చేతిలో పెట్టి పంపిస్తాది. ఆడికొచ్చి ఏం జెయ్యాల నేను? మళ్లా నర్సరీ ట్రాలీ ఆటో తోలాల.”

“గాబరా పడొద్దు. ఎన్ని కుండీలకు పట్టింది?”

“పద్దెనిమిదిట్లో ఆరింటికి.”

“ఆ ఆరూ ఎత్తి వేరే రూములో పెట్టు. కొత్త చెట్టు ఏమన్నా వచ్చిందా ఇంట్లోకి?”

“రంజానుకు ఎవరో క్రోటన్ ఇచ్చినారు.”

“దాంతోనే వచ్చింటాది. కొత్తది వస్తే పదైదు దినాలు దూరంగా పెట్టి చూడాలని చెప్పలేదా నీకు?”

“చెప్పినావు. నేను వింటే కదా. నాకు ఆటో తోలేది తప్ప ఏమొచ్చు.”

“వస్తాదిలే. రాసుకో. సూదేసే ముందు తుడుస్తారే, ఆ స్పిరిట్టు తెచ్చుకో. దూది ముంచి కనపడిండే నల్లినంతా తుడిచెయ్యి. ఆమైన లీటరు నీళ్లకు చెంచా వేపనూనె, గిన్నెలు తోమే సబ్బు అర చెంచా. బాగా గిలకొట్టి ఆకు అడుగున తగిలేట్టు కొట్టు. ముందు ఒక్క ఆకుకు కొట్టి ఒక దినం చూడు, మాడకుంటేనే మిగతావాటికి.”

“ఒకసారికి పోతాయా?”

“పోవు. గుడ్లుంటాయి. వారానికొకసారి, నెల దినాలు కొట్టాల. పైకి చూసి పోయినాయి అనుకోవద్దు, సందుల్లో దాక్కోనుంటాయి. ఇంగొక మాట. మేడమ్‌కు దాచొద్దు. పురుగు పడింది, మందు కొడ్తాండా అని రాంగానే చెప్పెయ్యి. దాచినావని తెలిస్తేనే ఎక్కువ కోపమొస్తాది.”

“సరే, చెప్తా. అన్నా, ఇన్నేండ్లు ఫోనెందుకు చెయ్యలేదురా అని ఒక మాటన్నా అడగవే?”

“పనుంటాది. సరే, అనురాధ సద్ది తెచ్చింది. ఉంటా మరి.”

“ఉండన్నా. వదిన బాగుండాదా?”

“ఉండాది.”

“మన నర్సరీ నాసిర్ ఏందో చెప్పినాడు. నువ్వూ వదినా మాట్లాడుకోరని.”

“సద్ది పెట్టి పోతాది. మాటలెందుకు తినేకి. కువైట్‌లో పనులిప్పిచ్చే ఆ ఏజెంటు ఈమెతో అన్నాడంట, తాగి పడిపోయేటోన్ని దేశం ఎట్ల పంపిస్తామమ్మా అని. మా కూతురి తలమీద చెయ్యి పెట్టి తాగుడు మానేస్తినని ఒట్టేసింటి కదా. అది పట్టుకుంది.”

“ఆ మాట ఏజెంటుకు ఎవరు చెప్పినారో తెలుసా నీకు?”

“ఎవరైతే ఏం. పోనీ.”

“నేనే చెప్పినా.”

“నువ్వా?”

“ఆ పొద్దు నువ్వు లారీలో జమ్మలమడుగుకు చెట్లు దింపను పోయింటివి. ఫోను నర్సరీలోనే మర్చిపోయింటివి. ఏజెంటు చేసినాడు. మధ్యానానికి చిన్నన్నను కడపకు రమ్మను, ఇంట్లో చెట్లు చూసే పని, అట్లాటోడే కావాల అని. నేను నీకు కబురు పెట్టలా. బస్సెక్కి నేనే పోతి. చిన్నన్న ఏడీ అన్నాడు. నోటికొచ్చింది చెప్పేస్తి. తాగి పడిపోయినాడు, రాడు అని. ముందు తాగుతాంటివి కదా, నమ్ముతాడనుకుంటి. నమ్మినాడు. నీకాడ విన్న చెట్ల పేర్లే అప్పజెప్పినా ఆయప్పకు. అన్నా, ఇంటాండావా?”

“ఇంటాండా.”

“తిట్టు. నీ కూడు తింటాండా నేను. వదినకాడికి పోతాదనుకోలేదన్నా ఆ మాట.”

“ఏమని తిట్టాల.”

“వదినకు ఫోనియ్యి. నేనే చెప్తా. అన్న ఆ పొద్దు చుక్క ముట్టలేదు, అంతా నేను కల్పించిందే అని.”

“వద్దు.”

“నమ్మదంటావా? నా బిడ్డ నౌషీన్ తలమీద ఒట్టేసి చెప్తా. కన్నబిడ్డమీద ఒట్టేస్తే ఎందుకు నమ్మదు?”

“నౌషీన్‌ను తీసుకురావొద్దు దీంట్లోకి.”

“మరి ఎట్లన్నా? మూడేండ్లు చెయ్యని తప్పుకు నువ్వు మాట పడ్తాంటే, నేను ఈడ ఏసీలో నిద్రపోతాండా. ఇయ్యన్నా ఫోను. నీకు దండం పెడతా.”

“మెల్లగా మాట్లాడు, మీ వదిన ఇంటాది. ఆ పొద్దు జమ్మలమడుగులో చెట్లు దింపినాక ఆ తోటోళ్లు గ్లాసులో మందు పోసినారు. వద్దనలేకపోతి. పొద్దు మునిగేదాకా ఆ తోటలోనే పడుంటి. తాగలేదని మూడేండ్లుగా ఈమెతో కొట్లాడేది నేను. నువ్వు చెప్పింది నిజమే మున్వరూ.”