సోంబరు దాచమన్న మార్పు చేపలు

ఏటే గుంటా, ఈ రాతి తొట్టిలో గుడ్డలు నానబెట్టీసినావా? పరవాలేదులే, నానబెట్టుకో. ఇందులో మా అత్త వరహాలమ్మ, అదే, మీ తాతని కన్నతల్లి, సేపల్ని మేపింది, ఎరుగుదువా? నవ్వకు. గుడ్డు కూడా ముట్టని షావుకార్లకి సేపలేటని కాపరానికొచ్చిన కొత్తలో నానూ ఇలాగే నవ్వినాను. ఆవిడే సెప్పినాది. పందొమ్మిదొందల ఇరవయ్యారో ఇరవయ్యేడో, తెల్లోళ్ల రోజులు. పెదబయల్లో మావగారికి ఉప్పు, కిరసనాయిలు కొట్టు. ఉప్పు ఎడ్ల మీదొచ్చీది, వానపడితే సగం దార్లోనే కరిగిపోయీది... సర్లే, అది వేరే కత. సోంబరని కొండమీద ఊరి మనిషి, మనకి సింతపండు తెచ్చీవోడు. ఆడి పెళ్లానికి తొలికాన్పులో పాలు పడక బిడ్డ పోనాది. మళ్లీ నెలలు నిండుతన్నాయి. మార్పు సేప పులుసు తింటే బాలింతకి పాలు పడతాయని ఆళ్ల నమ్మకం. ఎండిపోతన్న మడుగులో బురదంతా పిసికి తొమ్మిది మార్పులు పట్టినాడు, నల్లగా, మీసాలతోటి. సరిగ్గా అప్పుడే ఆడిని రోడ్డు పనికి వెట్టికి తోలుకుపోనారు. పోతాపోతా, పెళ్లాం కనేదాకా దాచమని ఆ సేపల్ని మా అత్తకి అప్పజెప్పినాడు. మనింట్లోనే ఎందుకు పెట్టినాడంటావా? "అమ్మా, ఊళ్లో ఎవలింట పెట్టినా వండుకు తినేత్తారు. నువ్వు తినవు" అన్నాడట.

మేతేటో ఆడు సెప్పలేదు. అది తెలీని మనిషుంటాదని ఆడికేటి తెలుసు? మా అత్త రోజూ మడికట్టుకుని వండిన పప్పన్నం, పైన నెయ్యి సుక్క, ముద్దలు సేసి తొట్టిలో పడీసీది. "తినండర్రా, సోంబరు వచ్చేత్తాడు" అనీదట. నీళ్లు పులిసిపోయి, నెయ్యి తెట్టుకట్టి, పదిరోజుల్లో మూడు సచ్చి తేలినాయి. మిగతావి ఒకదాని తోక ఒకటి కొరుక్కుంటన్నాయి. ఆవిడకి బెంగట్టుకుంది. ఈసారీ బిడ్డ పోతే ఆ పాపం తనదే కదా. సంతకొచ్చిన కొండావిడ్ని అడిగితే, "పేడదిబ్బలో ఎర్రలు తవ్వి ఎయ్యాలమ్మా, నీళ్లు మార్చాల" అన్నాది. ఎర్రలంటే వానపాములే. తవ్వింది, కక్కుకుంది, మళ్లీ తవ్వింది. మావగారు సూసి, "ఆ సేత్తో నాకు వడ్డించకు" అన్నారు. "అయితే మీరే వండుకోండి" అన్నాది. మా అత్త నోరంటే ఏటనుకున్నావు! నెల్లాళ్లు ఆయన కొట్టెనకాల మాడన్నం తిన్నారు. అది తలుసుకుంటే నాకిప్పటికీ సంతోషమే.

సోంబరు రాకముందే పెళ్లాం ఆడపిల్లని కన్నాది. కబురందగానే అత్త ఆరు సేపల్నీ కుండలో ఎత్తుకుని కొండెక్కింది. బాలింత సూసి, "తొమ్మిది కదమ్మా" అన్నాది. అత్త అబద్ధమాడలేదు. "మూడు నా మూలానే సచ్చిపోనాయే. తెలీక పప్పన్నం పెట్టినాను, నెయ్యేసి" అన్నాది. ఆ పిల్ల తిట్టలేదు. గోడకి ఆనుకుని ఉంది, పక్కన దొప్పలో మామిడి టెంకల అంబలి. ఆ ఎండాకాలమంతా ఆళ్లకి అదే తిండి. "రోజూ పెట్టినావా?" అన్నాది. "రోజూ." "నన్ను పిలిస్తే నానొచ్చి తిందును కదమ్మా" అన్నాదట.

పాలు పడ్డాయి, పిల్ల బతికింది, అదంతా బాగానే ఉంది. అయినా మా అత్త ఆ మాట కాడికొచ్చి ఆగిపోయీది. ఎన్నిసార్లు సెప్పినా అక్కడే...

మబ్బట్టింది. అరుగు మీద మిరపకాయలు ఆరబోసినాను, బేగి ఎత్తు.