ఐలవ్వ కాలి కడియం

ఐలవ్వ అని ఒకామె ఉండెనంట. నాటేసేటోళ్ళల్ల ముందు మనిషి ఆమెనే, ఆమె పాట ఎత్తుకుంటేనే తక్కినోళ్ళు వంగేది. మొగడు ఓదెలు, మాట తక్కువ మనిషి. ఐలవ్వ కాళ్ళకు రెండు వెండి కడియాలుండె, గట్టివి, లోపల బోలు లేనివి. అయ్యి ఆమెవి కావు, అత్త నర్సవ్వవి. మామ సచ్చిపోయిననాడు అత్త కాళ్ళకెల్లి తీసిండ్రు, కోడలు కాపురానికొచ్చిననాడు ఈమెకు తొడిగిండ్రు. వెండి కదా, ఎవరు పారేస్తరు? వెండి బంగారం పని చేసే అవుసుల బ్రమ్మయ్య సుత్తెతోటి కొట్టి మూతులు దగ్గరికి మూసిండు. అప్పుడు నర్సవ్వ ఏమన్నదంటే, ఈ ఇంట్ల కోడలి కాలికెల్లి కడియం దిగిందంటే మొగడు పోయినట్టే, ఆయన ఉన్నన్నొద్దులు దింపొద్దు అన్నది. ఐలవ్వ సరే అన్నది. కొత్త కోడలు ఇంకేమంటది, సరే అనే అంటది.

ఏమైందంటే, ఒక ఏడు నాట్లప్పుడు పొలం గెట్టు మీద జారి ఆమె ఎడమకాలు మడతపడ్డది. చీలమండ ఇంత లావు వాసింది. పసుపు సున్నం పట్టేసిండ్రు, నాలుగొద్దులకు లేచి నడిచింది, గని వాపు సాంతం దిగలే. కాలు లావైంది అనుకో, కడియం లావు కాదు కదా. ఇగ కొన్నొద్దులకు అరికాలు మంట మొదలైంది. చీమలు పాకినట్టు తిమ్మిరి. బురదల నిలబడితే ఎక్కువ, పండుకుంటే ఇంకా ఎక్కువ. ఓ సత్తవ్వా, కథ ఇనుకుంట కాలు అట్ల కిందేసుకోని కూసున్నవు, తిమ్మిరెక్కుతది, చాపుకో. ఆఁ, కథల ఎక్కడున్న? మంట. పోచమ్మ సూపని ఒకరన్నరు, మొక్కిండ్రు. వేడి చేసిందని ఒకరన్నరు, సల్ల తాగిచ్చిండ్రు. మంత్రమేసేటాయన వచ్చి వాత పెడితే పోతదన్నడు, అరికాల్ల పెట్టిండు. ఐలవ్వ ఉలకలే, పలకలే. చూసిండ్రా, గాలి దిగిపోయింది, అందుకే నొప్పి తెల్వలే అన్నడంట. గాలి లేదు, పాడు లేదు. కాలికి సోయి లేదు, గంతే.

ఒకనాడు పొద్దుగాల వాకిలి ఊడుస్తాంటే, ఊడ్చిన జాగల నెత్తురు అడుగులు కనవడ్డయంట. ఎవరియని ఎంబడి పోయి చూస్తే తిరిగి తిరిగి ఆమె దగ్గరికే వచ్చినయి. అరికాల్ల తుమ్మ ముల్లు సగం దిగి ఉన్నది, ఆమెకు తెల్వనే తెల్వదు. అప్పుడు భయపడ్డది ఐలవ్వ. ఇన్నొద్దులు మంటకు ఏడ్చింది, ఇప్పుడు మంట లేని జాగను చూసి ఏడ్చింది. కాలు కుళ్ళిపోతే తీసేస్తరు, కాలు పోతే నాటు పోయినట్టే అనుకున్నది. మంత్రమాయన మల్లొచ్చి ఏం చెప్పిండంటే, ఆ కాలికి కడియం మీదికెల్లి వెండి తాయెత్తు కట్టుండ్రి, గట్టిగ కట్టుండ్రి అన్నడు. ఉన్నది సాలదని ఇంకోటి, చూడుండ్రి.

తాయెత్తు చెయ్యుమని ఓదెలు అవుసుల బ్రమ్మయ్య దగ్గరికి పోయిండు. కొలత కావాలె, ఆమెను తోలుకరా అన్నడు బ్రమ్మయ్య. తోలుకపోయిండు. ముసలాయన దారం తీసుకోని కాలి చుట్టు తిప్పవోతే దారం పోయే సందు లేదంట, కడియం వాపులకు దిగవడి ఉన్నది. ఆయన చిన్న సుత్తె తీసి దాని పిడితోటి చీలమండ లోపలి దిక్కు, ఎముక ఎనుక, మెల్లగ తట్టిండు. అమ్మో అని కాలు గుంజుకున్నది ఐలవ్వ, బొటనవేలు దాక జివ్వుమన్నదంట. కుడికాలిని గట్లనే తట్టిండు, ఏం లేదు. అప్పుడన్నడు, బిడ్డా, పాదానికి పోయే నరం ఈ ఎముక ఎనుకకెల్లే దిగుతది, తూములకెల్లి నీళ్ళు పోయినట్టు. తూము ఇరుకే, దాని మీద వాపు, వాపు మీద ఈ వెండి. నేనే మూసిన దీని మూతి, నేనే తెరుస్త అన్నడు.

ఐలవ్వ రెండు చేతులతోటి కడియం పట్టుకున్నది. వద్దు కాకా, ఆయన ఉండంగ తియ్య, కాలు పోతే పోనియ్ అన్నది. బ్రమ్మయ్య ఓదెలు దిక్కు చూసిండు. ఓదెలు ఆమె చేతులు కడియం మీదికెల్లి తీసి, కొయ్యి కాకా అన్నడు. గంతే మాట. కోసిండు. కడియం కింద తోలు తెల్లగ పండిపోయి ఉన్నదంట.

ఇగ ఊరంత ఓదెలును చూసుడే పని. తుమ్మితే చూస్తరు, దగ్గితే చూస్తరు. మూడోనాడు ఆయనకు జ్వరమొచ్చింది. వానల తడిసిండు, రాదా? ఐలవ్వ కోసిన కడియం కొంగుల కట్టుకోని, మల్ల తొడిగిచ్చుకుంటనని కుంటుకుంట కడప దాటవోయింది. అడ్డం కూసున్నది ఎవరనుకున్నరు? అత్త నర్సవ్వ. ఎటు అన్నది. ఇట్ల అత్తా అని ఈమె చెప్పింది. నర్సవ్వ కొంగు ముడి ఇప్పి కడియం తీసుకున్నది.

"మీ మామ పోయిననాడు నా కాళ్ళకు ఈ రెండు ఉండె బిడ్డా. ఒక్కటి గూడ ఆయనను ఆపలే. పో, పండుకోని కాలు మెత్త మీద పెట్టు."

ఓదెలు జ్వరం రెండొద్దులకు దిగింది. కాలు అంత జల్ది దిగలే, నరం కదా. ఆ ఏడు నాటుకు పోవద్దు, గొంతుకూసోవద్దు, కాలు ఎత్తు మీద పెట్టు, వాపు దిగినంక కాలి ఏళ్ళు మెల్లగ మీదికి కిందికి ఆడియ్యి అని బ్రమ్మయ్య చెప్పిండు. చెప్పులు కుట్టే నాంపెల్లి ఆమె చెప్పుల అరికాలి ఒంపు కాడ మెత్తటి తోలు ముక్క కుట్టిచ్చిండు. నెలకు మంట తగ్గింది, దసరకు కాలి ఏళ్ళకు సోయి వచ్చింది. మడిమె కాడ రూపాయంత జాగల మాత్రం ఎన్నడు రాలే. రోజు మాపటీలి అరికాలు తిప్పి చూసుకునుడు అలవాటు చేసుకున్నది. మల్ల ఏడు ముందు వరసలనే వంగింది.

కుడికాలి కడియమా? అది తియ్యలే. ఆ కాలు మంచిగనే ఉండె కదా, ఎందుకైనా మంచిదని ఉంచుకున్నది. ఓదెలు ఎనభై దాటి బతికిండు. ఆ ఒక్కటి ఉండవట్టే బతికిండని ఇప్పటికీ అనేటోళ్ళున్నరు. అననియ్. ఐలవ్వ అయితే సచ్చేదాక తన కాళ్ళ మీద తను నడిచింది, నేను చెప్పేది గంతే.