మోకాళ్ళ పీట

సముద్రాలవతల లబాసా చెరుకు తోటలో, ఒప్పందం మీద వచ్చిన గిరిమిట్టు కూలీలు మధ్యాహ్నం తిండికి ఆగారు. ఒకే ఓడలో వచ్చి, ఆ వరసతో అక్కా తమ్ముడూ అని పిలుచుకునే ఇద్దరు గట్టు మీద మాట్లాడుకుంటున్నారు.

"ఇదిగో అక్కా, కొత్త మడత పీట. భుజాన తగిలించుకుని ఏ చేనుకైనా తీసుకుపో."

"మొన్నటి దాని మీదా గూనిగానే కూర్చున్నాను కదరా. కలుపు తీసి తీసి నా నడుం వంగిపోయింది."

"ఊళ్ళో ఒక్క సమయంలోనే నిటారుగా కూర్చునేదాన్నని అన్నావు కదా."

"అమ్మ జడ వేసేటప్పుడు. కాస్త వంగితే చాలు, వెనకనుంచి మోకాళ్ళతో వీపులో పొడిచేది."

"అందుకే ఈసారి వెనక ఆనుకునే పలక తీసేసి, రెండు గుండ్రటి చెక్కలు బిగించాను. కూర్చుని చూడు. గుచ్చుకుంటే చెక్కుతాను."

"వద్దు, చెయ్యి పెట్టకు! ఇంత గట్టిగానే ఉండేవి."

"నడుం నిలబడింది అక్కా! అదేంటి, జుట్టు ముడి విప్పేశావు?"

"ఏమోరా. అవి వీపుకి తగలగానే చెయ్యి దానంతటదే ముడి మీదకి పోయింది."

"సర్దారు పనిలోకి రమ్మని కేకేస్తున్నాడు. ముడేసుకుని లే."

"ఒక్క క్షణం ఉండరా. అమ్మ ఇంకా జుట్టులోంచి దువ్వెన తియ్యలేదు."