మ్యాటినీ వదిలే వేళ

కూర్చో, కూర్చో. టీ తర్వాత పెడుదువుగాని. వచ్చీ రాగానే వంటింట్లోకి పరుగేమిటి? చూడు, చెప్పులు ఒకటి గుమ్మంలో, ఒకటి బల్ల కింద. ఆ ఆసుపత్రి మెట్లు నేను ఎక్కలేనని నువ్వొక్కదానివే ఎండన పడి వెళ్ళొచ్చావు, కాసేపు ఫ్యాను కింద కూర్చో. డాక్టరు నా గురించి ఏమన్నాడో తర్వాత విందాం. ముందు దీని సంగతి చూడు. నువ్వు పెట్టి వెళ్ళిన సీరియలే. ఆ పిల్ల మంచం కింద దూరిందా, తరుముకొచ్చినవాడు గదిలోకి వచ్చాడు. మనకి బూట్లే కనిపిస్తాయి. బూట్లు మంచం దగ్గరికొచ్చి ఆగాయి. అక్కడ ఆపేశాను. నువ్వు వెళ్ళినప్పటినుంచీ ఆ బూట్లు అలాగే ఉన్నాయి. భయమా? నాకేం భయం? ఆ, సరేలే, భయమే. ఇలాంటివి చూడాలంటే మా వదిన ఉండాలి పక్కన. నీకు పెద్ద నాయనమ్మ అవుతుంది. నువ్వు పుట్టక ముందే పోయింది, ఫోటో తప్ప ఎరగవు. ఆ ఫోటోలో ఉన్నట్టు మెత్తటి మనిషేం కాదు, ఫోటోగ్రాఫరు మొహం చూసి నవ్వాపుకుంటోంది అంతే.

అప్పట్లో పత్రికలో సినిమా పేజీ నాది. పాసులొచ్చేవి. అన్నయ్య, వదిన, నేను, ముగ్గురం మొదటాటకి వెళ్ళేవాళ్ళం. ఆవిడకో పద్ధతి ఉండేది. మ్యాటినీ వదిలే వేళకి వెళ్ళి హాలు గేటు దగ్గర స్తంభానికి ఆనుకుని నిలబడేది. జనం బయటికి వస్తుంటే ఎవరో ఒకావిడని పట్టుకుని, "ఏమ్మా, చివరికి పిల్లాడు దొరుకుతాడా?" అని అడిగేది. చివర తెలియనిదే లోపలికి అడుగు పెట్టేది కాదు. మా అన్నయ్య తల పట్టుకునేవాడు. "ఏమేవ్, సినిమా లోపల చూస్తావా, ఇక్కడే చూస్తావా?" అని. "తెలిసిపోతే ఇంకేం మజా ఉంటుంది వదినా" అని నేనంటే, "నీకు మజా కావాలయ్యా, నాకు సినిమా కావాలి" అనేది. దాచిపెట్టడం ఓ గొప్పా, దొంగెవడో చివరిదాకా చెప్పకపోతే పొడుపుకథ అవుతుంది గానీ భయం ఎందుకవుతుంది, అని వాదన. "తలుపు వెనక ఎవడున్నాడో నాకు చూపించెయ్యి. తలుపు తియ్యబోయే దానికి చెప్పకు. అప్పుడు చూడు నా పాట్లు." నిజమే, చివర తెలిసి కూర్చున్న మనిషి, ఓసారి నా చొక్కా చెయ్యి పట్టుకుని లాగిన లాగుడికి భుజం దగ్గర కుట్లు ఊడొచ్చాయి. పక్క సీట్లో ఆయన, "అమ్మా, మీరు ముందే చూశారా?" అన్నాడు. "లేదండీ, తెలుసు" అంది.

ఏడుపు సినిమాల దగ్గర మరీ కఠినురాలు. వాన, ఫిడేలు, శవం మీద పడ్డ తల్లి, మూడూ ఒకేసారి తెర మీదికొచ్చాయంటే ఈవిడ జడ విప్పుకుని మళ్ళీ అల్లుకునేది. "గొంతు పట్టుకుని ఏడవమంటే ఎలా ఏడుస్తాం? పోయినవాడి బనీను ఇంకా తీగ మీద ఆరుతోందని చూపించమను, చాలు." ఈ మాట నేను పేజీలో వేశాను కూడా. మా ఎడిటరు చదివి, "ఇది నీదా, మీ వదినదా?" అన్నాడు. వదినదే అన్నాను. "అయితే ఉంచు" అన్నాడు, ఆ వెధవ... పెద్దాయనే పాపం, పోనీలే.

ఏం చెబుతున్నాను? ఆ, గేటు. కొన్నాళ్ళకి అడగడం మానేసింది. మొహాలు చూస్తే చాలనేది. నాకూ నేర్పింది. "ముక్కు చీదుకుంటూ వచ్చేవాళ్ళని నమ్మకయ్యా. వాళ్ళ ఏడుపు మెట్ల మీదే అయిపోతుంది. బయటికి వస్తూనే, సైకిలు టోకెన్ ఏదీ, పద టీ తాగుదాం, రేపు నీళ్ళొస్తాయా అని గబగబా మాట్లాడేస్తారే, వాళ్ళకి తగిలింది. నోరాపితే ఎక్కడ బయటపడతామో అని వాళ్ళ భయం." నేను నవ్వేవాణ్ణి. నువ్వూ చూడు అనేది. చూస్తే ఆవిడ చెప్పినట్టే ఉండేది.

తర్వాత ఆవిడకి కడుపులో నొప్పి మొదలైంది. పరీక్షలన్నీ చేశారు. డాక్టరు మమ్మల్నిద్దర్నీ లోపలికి పిలిచాడు. వదిన బయట వరండాలో బల్ల మీద, ఒళ్ళో గొడుగు పెట్టుకుని కూర్చుంది. లోపల ఆయన చెప్పాల్సింది చెప్పాడు. ఎంతోసేపు పట్టలేదు. అన్నయ్య లేచి నా భుజం పట్టుకున్నాడు. "దానికి తెలియకూడదురా. నీ మొహం సరిచేసుకో" అన్నాడు. నేను జేబురుమాలుతో తుడుచుకున్నాను. ఆ స్ప్రింగు తలుపు తోసుకుని మేమిద్దరం బయటికి వచ్చేసరికి, ఆవిడ బల్ల మీద లేదు. లేచి వచ్చి, ఎదురుగా స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. అచ్చం హాలు గేటు దగ్గర నిలబడ్డట్టే. అన్నయ్యకి ఇదేం తట్టలేదు. అన్నేళ్ళు ఆ మనిషితో కాపురం చేసినవాడు, ఎంత నవ్వు మొహం పెట్టాలో అంతా పెట్టి, "ఏం లేదే, ఉత్త పుండు, మందులతో పోతుంది. పద, టీ తాగుదాం. గొడుగు తెచ్చుకున్నావా? ఎండగా ఉంది" అన్నాడు, ఊపిరి తీసుకోకుండా. ఆవిడ ఆయన వంక చూసింది, నా వంక చూసింది. "పదండి" అంది. కొట్టు దగ్గర మాత్రం, "నా దాంట్లో చక్కెర ఇంకో చెంచా వెయ్యమను" అంది. చక్కెర ముట్టని మనిషి.

అన్నయ్య అటు డబ్బులివ్వడానికి వెళ్ళగానే నాతో మెల్లిగా, "నాకు తెలిసిందని మీ అన్నయ్యకి చెప్పకు. దాచడం ఒక్కటే ఇప్పుడు ఆయన చేతిలో ఉంది, అది లాక్కోకు" అంది. ఇక చూడు నా అవస్థ. ఆయన దాస్తున్నాడు, ఆవిడ తెలియనట్టుంది, మధ్యలో నేను. ఆయన భోజనాల దగ్గర, "వచ్చే ఏడు ఇంటికి సున్నం వేయిద్దామే" అంటే, ఆవిడ "ఈసారి నీలం వద్దు" అనేది. నేను కంచం ముందునుంచి లేచిపోయేవాణ్ణి. ఆవిడ చెప్పిన ఆ తలుపు, ఆ తలుపు వెనక మనిషి... నెలల తరబడి అదే చూశాను. చివరిసారి సినిమాకి వెళ్ళినప్పుడు గేటు దగ్గర ఆగనే లేదు. జనంలోంచి దారి చేసుకుని నేరుగా లోపలికి పోయి కూర్చుంది. ఏం వదినా, అడగవా అంటే, "పోనిద్దూ, ఇది ఎలాగైనా కానీ" అంది.

అవునూ, ఒకటి అడగనా? ఇందాక గుమ్మంలోకి వస్తూనే ఏమన్నావు? గుర్తుందా? నేను చెప్పనా? "టీ పెట్టనా తాతయ్యా" అన్నావు. "పాలబ్బాయి వచ్చాడా, మోటారు వేశావా, ఎండ చూశావా" అన్నావు. మంచినీళ్ళు కూడా తాగకుండా.

అటు తిరక్కు. ఇటు చూడు.

సరే. సరేలే తల్లీ. ఏం చెప్పొద్దులే. పోయి పెట్టు టీ. నా దాంట్లో ఇవాళ చక్కెర వెయ్యి. ఆ రిమోటు ఇలా ఇచ్చి వెళ్ళు. నువ్వు చూసేశావుగా ఇది, చివర చెప్పకు. ఆ బూట్లవాడు వంగుతాడో లేదో నేనే చూసుకుంటాను.